సూది గుచ్చడం సగం పనే: కొత్తగా బ్లడ్ కలెక్షన్‌లో చేరేవాళ్ళ కోసం

డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) అయిపోయింది, ల్యాబ్‌లో తీసుకున్నారు, సోమవారం నుంచి కలెక్షన్‌లో కూర్చోమన్నారు, తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి అని ఈమధ్య మా చుట్టాలబ్బాయి ఫోన్ చేశాడు. గంటన్నర మాట్లాడుకున్నాం. ఆ చెప్పిందంతా ఒకచోట రాసిపెడితే ఇంకో నలుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను ఈ పనిలోకి వచ్చి 14 ఏళ్ళయింది. మొదటి నాలుగేళ్ళు ఒక జిల్లా ఆసుపత్రిలో, తర్వాత విజయవాడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేశాను, ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళకి వెళ్ళి శాంపిల్స్ తీస్తున్నాను.

కొత్తవాళ్ళ భయమంతా సూది దగ్గరే ఉంటుంది. నరం దొరుకుతుందా, పేషెంటు అరుస్తాడా, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారు అని. ఆ భయం రెండు మూడు నెలల్లో పోతుంది. ఎన్నేళ్ళయినా పోకూడని భయం ఇంకొకటుంది. నేను తీసిన రక్తం ఈ మనిషిదేనా, పడాల్సిన ట్యూబులోనే పడిందా, మెషిన్ దగ్గరికి చేరేలోపు చెడిపోయిందా అన్నది. గుచ్చడంలో తప్పు జరిగితే చెయ్యి కమిలి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. శాంపిల్‌లో తప్పు జరిగితే డాక్టరు ఆ తప్పుడు అంకెని నమ్మి మందు రాస్తాడు, ఆ మందు ఒక మనిషి మింగుతాడు. ఈ తేడా మొదటి రోజు నుంచే మనసులో ఉంటే మిగతావన్నీ చేతికి వాటంతట అవే వస్తాయి.

చేరేముందు

ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ చేసినవాళ్ళు, ఇంటర్‌లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ తీసుకున్నవాళ్ళు ఎక్కువగా ఈ పనిలోకి వస్తున్నారు. మీ రాష్ట్ర పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ ఆలస్యం చెయ్యకుండా చేయించుకోండి. దానికన్నా ముందు హెపటైటిస్ బి టీకా. మొదటి డోసు, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. మూడోది అయిన నెలా రెండు నెలల మధ్య యాంటీబాడీ టెస్ట్ చేయించుకుని అంకె 10కి తగ్గకుండా ఉందని చూసుకోవాలి. ల్యాబ్ వాళ్ళు వేయిస్తారులే అని ఎదురుచూడకండి. నేను ఆరు నెలలు అలాగే ఎదురుచూశాను, చివరికి నా జీతంలోంచే వేయించుకున్నాను, ఆ ఆరు నెలలు రోజూ ఎంతమందికి సూది గుచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పేరు మీరు చెప్పొద్దు, వాళ్ళతో చెప్పించండి

"లక్ష్మిగారేనా అండీ?" అని అడిగితే సగం మంది వినకుండానే తలూపుతారు. వినపడని పెద్దవాళ్ళు, నిద్రలో ఉన్నవాళ్ళు, జ్వరంతో మూలుగుతున్నవాళ్ళు అందరూ తలూపుతారు. "మీ పేరు చెప్పండమ్మా, వయసెంత, డాక్టరుగారెవరు" అని అడిగి వాళ్ళ నోటితో వచ్చింది చీటీతో సరిచూసుకోవాలి. మన దగ్గర ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్రావులు, ముగ్గురు లక్ష్మిలు ఉండటం మామూలే. ఇంటిపేరు, వయసు, ఆసుపత్రిలో చేరినప్పుడిచ్చే ఐపీ నంబరు, వీటిలో కనీసం రెండు కలవాలి.

ఆసుపత్రిలో చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. పక్కపక్క మంచాల మీద ఒకే పేరున్న ఇద్దరు పెద్దావిడలు. ముందే లేబుళ్ళు అంటించిన ట్యూబులు ట్రేలో పెట్టుకెళ్ళి, ఒకరి ట్యూబులో ఇంకొకరి రక్తం తీశాను. అవతలి మంచం దగ్గర ట్యూబు మీద వయసు చూశాక అర్థమైంది. అప్పటికి ఇంకా ల్యాబ్‌కి పంపలేదు కాబట్టి రెండూ పారేసి, ఇద్దరికీ క్షమాపణ చెప్పి, మళ్ళీ గుచ్చాను. అది రక్తం ఎక్కించేముందు సరిపోతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ శాంపిల్ అయి, అలాగే వెళ్ళిపోయి ఉంటే ప్రాణం పోయేది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఖాళీ ట్యూబుకి లేబుల్ అంటించలేదు. రక్తం తీశాక, ఆ మనిషి పక్కనే నిలబడి, అక్కడే పేరూ టైమూ రాయాలి. "కౌంటర్ దగ్గరికెళ్ళి రాసుకుందాంలే" అనుకుని నాలుగు ట్యూబులు జేబులో వేసుకుని నడిచేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు.

పేరుతో పాటు ఇంకొన్ని అడగాలి. పరగడుపునే ఉన్నారా అంటే ఉన్నామంటారు, "కాఫీ ఏమైనా తాగారా" అని విడిగా అడిగితే "కాఫీ ఒక్కటే తాగానమ్మా" అంటారు. చాలామంది లెక్కలో కాఫీ తినడం కిందకి రాదు, కానీ అందులో పాలూ చక్కెరా ఉన్నాయి కాబట్టి ఫాస్టింగ్ షుగర్ పోయినట్టే. మంచినీళ్ళు తాగొచ్చు, తాగమనే చెప్పండి, నరం కూడా బాగా కనపడుతుంది. తిన్న తర్వాత షుగర్‌కైతే రెండు గంటలు లెక్కపెట్టాల్సింది తినడం మొదలుపెట్టిన టైము నుంచి. ముగించిన దగ్గర్నుంచి లెక్కపెట్టి అరగంట తేడాతో వచ్చేవాళ్ళే ఎక్కువ. థైరాయిడ్ టెస్ట్ ఉంటే జుట్టు ఊడకుండా బయోటిన్ మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని అడగండి, అవి కొన్ని మెషిన్లలో రిపోర్టుని తారుమారు చేస్తాయి, వాళ్ళ జవాబు రిక్వెస్ట్ మీద రాసిపెట్టండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఇంతకుముందు రక్తం తీసినప్పుడు కళ్ళు తిరిగాయా అన్నవి కూడా సూది చేతిలోకి తీసుకోకముందే తెలియాలి.

ఏ చెయ్యి ముట్టుకోకూడదో కూడా అప్పుడే తెలుసుకోవాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన (ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలిపిన) చేతికి టోర్నికే, అంటే నరం ఉబ్బడానికి బిగించే పట్టీ కూడా కట్టకూడదు. ఆ ఫిస్టులా మీదే వాళ్ళ డయాలసిస్ అంతా నడుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి చంకలో గడ్డలు తీసేసిన వైపు చెయ్యి వద్దు. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి వద్దు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే షుగర్ 500, 600 చూపించొచ్చు, మనిషికి అసలు షుగరే ఉండదు. రెండో చెయ్యి అస్సలు వీలుకాకపోతే నర్సునో డాక్టర్నో అడిగి, వాళ్ళు సెలైన్ ఆపించాక కాసేపు ఆగి, సూది ఉన్నచోటికి కింద వైపు నుంచి తీసి, మొదట వచ్చిన కొంచెం రక్తం పారేసి, ఆ సంగతి రిక్వెస్ట్ ఫారం మీద రాయాలి.

నరం కంటికి కాదు, వేలికి దొరకాలి

మనం నరం అంటాం కానీ పుస్తకాల్లో దాన్ని సిర అంటారు. మోచేతి మడతలో మనకి పనికొచ్చేవి మూడు. మధ్యలో అడ్డంగా వెళ్ళే మీడియన్ క్యూబిటల్ అన్నిటికన్నా మంచిది, లావుగా ఉంటుంది, పెద్దగా జరగదు, నొప్పి తక్కువ. అది దొరక్కపోతే బొటనవేలి వైపుండే సెఫాలిక్, లావుగా ఉన్నవాళ్ళలో చాలాసార్లు ఇదే ఆదుకుంటుంది. చిటికెనవేలి వైపుండే బాసిలిక్ పైకి బాగా ఉబ్బి కనిపించి ఆశపెడుతుంది, కానీ దాని పక్కనే ధమనీ, పెద్ద నాడీ (ఇంగ్లీషులో నెర్వ్) ఉంటాయి కాబట్టి అది చివరి దారి, అదీ చెయ్యి కుదిరాకే.

టోర్నికే మోచేతి మడతకి మూడు నాలుగు అంగుళాల పైన కట్టండి. కట్టిన దగ్గర్నుంచి ఒక నిమిషం మించకూడదు. నరం వెతుకుతూ మూడు నిమిషాలు అలాగే ఉంచేస్తే అక్కడి రక్తంలో నీరు బయటికి పోయి ప్రోటీన్లు, కాల్షియం లాంటివి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. వెతకడానికి టైం పడుతుందనిపిస్తే విప్పేసి, రెండు నిమిషాలాగి మళ్ళీ కట్టుకోండి. పిడికిలి ఒకసారి మెల్లగా బిగించమంటే చాలు. మూసి తెరువు, మూసి తెరువు అని చాలామంది చేయిస్తారు, ఆ కండరం పనిచేసి పొటాషియం పెరుగుతుంది, లేని రోగం రిపోర్టులోకి వస్తుంది.

చూపుడువేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. నరమైతే నీళ్ళు నిండిన సన్నటి రబ్బరు గొట్టంలా కుంగి మళ్ళీ పైకి లేస్తుంది. గట్టిగా తాడులా తగిలితే అది కండరపు తీగ, దాంట్లో రక్తం రాదు. వేలికింద టకటకమని కొట్టుకుంటే ధమని, వదిలెయ్యండి. పైకి నీలంగా కనపడే సన్ననివాటిని నమ్ముకోకండి, లోపల కనపడకుండా ఉండి వేలికి తగిలేదే మంచి నరం. మొదటి నెల ఇంట్లో అందరి చేతులూ పట్టుకుని కళ్ళు మూసుకుని వెతకండి, అమ్మ, నాన్న, వదిన, పక్కింటి తాతగారు ఎవరైనా సరే, గుచ్చకుండా వేలితో మాత్రమే. నాకు నేర్పిన సీనియర్ సిస్టర్ నాతో మూడు వారాలు ఇదొక్కటే చేయించారు. విసుగొచ్చింది కానీ ఆ తర్వాత నాకు ఏ చెయ్యీ కొత్తగా అనిపించలేదు.

దొరక్కపోతే చెయ్యి కిందకి వేలాడదీయమనండి, గోరువెచ్చటి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డ మూడు నాలుగు నిమిషాలు వెయ్యండి, రెండు గ్లాసుల నీళ్ళు తాగించి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఫటఫటమని చేతి మీద కొట్టకండి, అది చూడటానికీ బాగుండదు, ఎర్రగా కందిపోవడం తప్ప ఉపయోగం లేదు.

గుచ్చేటప్పుడు

చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకున్నాక స్పిరిట్ దూదితో మధ్యలోంచి బయటికి తుడిచి, 30 సెకన్లు ఆరనివ్వండి. తడి మీదే గుచ్చితే మండుతుంది, స్పిరిట్ రక్తంలో కలిసి కణాలు కూడా పగులుతాయి. ఊది ఆరబెట్టొద్దు. తుడిచాక మళ్ళీ వేలు పెట్టి నరం వెతకొద్దు, ఇది అందరూ చేసే తప్పు, వేలు దానంతటదే వెళ్ళిపోతుంది, ఆపుకోవడం అలవాటు చేసుకోవాలి.

మామూలు పెద్దవాళ్ళకి ఆకుపచ్చ హబ్ ఉన్న 21 గేజ్ లేదా నల్ల హబ్ ఉన్న 22 గేజ్, పిల్లలకీ సన్న నరాలకీ నీలం రంగు 23 గేజ్ బటర్‌ఫ్లై, అంటే రెక్కలూ సన్న పైపూ ఉన్న సూది. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. నొప్పి తగ్గుతుందని ఇంకా సన్న సూది వాడితే రక్తం ఇరుకులోంచి రాసుకుంటూ వచ్చి హీమోలైజ్ అవుతుంది, అంటే కణాలు పగులుతాయి. ఎడమచేతి బొటనవేలితో నరానికి ఒక అంగుళం కింద చర్మాన్ని లాగి పట్టండి, అప్పుడు నరం పక్కకి జారదు. సూది ఏటవాలు నోరు పైకి ఉండేలా, 15 నుంచి 30 డిగ్రీల వాలులో, భయపడుతూ మెల్లగా కాకుండా ఒకే కదలికలో పోనివ్వండి. నెమ్మదిగా గుచ్చితే తక్కువ నొప్పి అనుకుంటాం, నిజానికి ఎక్కువ. గుచ్చేముందు "ఇప్పుడు చిన్నగా చురుక్కుమంటుంది, చెయ్యి కదపకండి" అని చెప్పండి. చెప్పకుండా గుచ్చితే ఎంత ధైర్యవంతుడైనా ఉలిక్కిపడతాడు.

రక్తం మొదలవగానే పిడికిలి వదిలెయ్యమనండి, టోర్నికే విప్పండి. ముగించేటప్పుడు వరస ఇది: టోర్నికే ముందే విప్పి ఉండాలి, తర్వాత ట్యూబు బయటికి, తర్వాత పొడి దూది పెట్టి సూది బయటికి, సూది పూర్తిగా వచ్చాకే గట్టిగా నొక్కడం. టోర్నికే ఉండగానే సూది లాగితే లోపల రక్తం చిమ్మి చెయ్యంతా నల్లగా కమిలిపోతుంది. దూది పెట్టి మోచెయ్యి మడవమనడం మన దగ్గర అందరికీ అలవాటు, అది వద్దు, మడిస్తే రంధ్రం సరిగా మూసుకోదు, తెరిచినప్పుడు మళ్ళీ కారుతుంది. చెయ్యి చాపి ఉంచి, రెండు మూడు నిమిషాలు నొక్కమనండి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి ఐదు నిమిషాలు దాటినా మీరే నొక్కి పట్టుకుని ఆగిందని చూసి కదలండి.

రంగుల వరస

ఏ రంగు మూతున్న ట్యూబు తర్వాత ఏది నింపాలో కంఠతా రావాలి. రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ బాటిల్స్ ఉంటే అవి మొదట, తర్వాత లేత నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత పర్పుల్, చివర గ్రే. ఎందుకంటే ఒక ట్యూబులోని మందు సూది చివర అంటుకుని రెండో ట్యూబులోకి వెళుతుంది. రక్తం గడ్డ కట్టకుండా పర్పుల్‌లో వేసే ఈడీటీఏ మందులో పొటాషియం ఉంటుంది, అది కాల్షియంని పట్టేసుకుంటుంది కూడా. దాని తర్వాత పసుపు ట్యూబు నింపితే పొటాషియం పెరిగి, కాల్షియం తగ్గి కనపడొచ్చు.

నేను పనిచేసిన ఒకచోట కొత్తగా చేరిన అబ్బాయి, పసుపు ట్యూబులో రక్తం తక్కువైందని సీబీపీ (రక్తకణాల లెక్క) కోసం తీసిన పర్పుల్ ట్యూబులోంచి కొంచెం అందులో పోశాడు. పొటాషియం 9 దాటింది, కాల్షియం సగానికి పడిపోయింది. ఆ అంకెలతో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడుతూ కూర్చోవడం కష్టం, ఆయనేమో రిసెప్షన్‌లో పేపర్ చదువుకుంటున్నారు. మా పాథాలజిస్టుకి అనుమానం వచ్చి మళ్ళీ తీయించారు, అంతా నార్మల్. ఆమె ఆ రిపోర్టు అలాగే పంపి ఉంటే ఆయన్ని ఐసీయూలో పెట్టేవాళ్ళు. ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి ఎప్పుడూ పొయ్యకండి. తక్కువైతే తక్కువైందని చెప్పండి, లేదా మళ్ళీ గుచ్చండి.

లేత నీలం ట్యూబు గురించి విడిగా చెప్పాలి. గుండె వాల్వ్ మార్చినవాళ్ళు, రక్తం పలచబడటానికి ఎసిట్రోం, వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు నెలనెలా పీటీ ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డ కడుతుందో చూసే టెస్ట్, ఈ ట్యూబుతో చేయించుకుంటారు. ఆ ట్యూబులో గడ్డ కట్టకుండా వేసే సిట్రేట్ ఒక వంతుకి తొమ్మిది వంతుల రక్తం ఉండాలి, అంటే 0.3 మిల్లీలీటర్ల మందుకి 2.7 మిల్లీలీటర్ల రక్తం, గీత దాకా. తక్కువ పోస్తే ఐఎన్ఆర్ ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు మాత్ర తగ్గిస్తాడు, వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే గీత దాకా రాని నీలం ట్యూబుని నేను ఏ రోజూ ల్యాబ్‌కి ఇవ్వలేదు. బటర్‌ఫ్లైతో తీసేటప్పుడు ఇంకో ఇబ్బంది, పైపులో ఉన్న గాలి మొదటి ట్యూబులోకి వెళ్ళి అది నిండదు, కాబట్టి నీలం ముందు ఒక ఖాళీ ట్యూబులో కొంచెం తీసి పారేసి తర్వాత నీలం పెట్టండి.

ప్రతి ట్యూబునీ నిండగానే తలకిందులుగా తిప్పాలి, పర్పుల్, గ్రే ట్యూబులని ఎనిమిది నుంచి పదిసార్లు, నీలం మూడు నాలుగుసార్లు, పసుపు ఐదుసార్లు. తిప్పడం అంటే మణికట్టు మెల్లగా తిప్పడం. సీసా కుదిపినట్టు కుదిపితే కణాలు పగిలి సీరం (గడ్డ కట్టాక పైన తేరే ద్రవం) ఎర్రబడుతుంది, పొటాషియం, ఎల్‌డీహెచ్ లాంటివి పనికిరాకుండా పోతాయి. తిప్పకపోతే సన్నటి గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు తక్కువ వస్తాయి. డెంగీ సీజన్‌లో ప్లేట్‌లెట్ అంకె చూసి ఇంట్లోవాళ్ళు ఎంత టెన్షన్ పడతారో మీకు తెలుసు, ఆ పది తిప్పుళ్ళు అంత ముఖ్యం.

చాలా చిన్న ల్యాబుల్లో ఇంకా సిరంజితోనే తీస్తారు. పిస్టన్ గట్టిగా లాగొద్దు. తీశాక సూదిని తీసేసి, ట్యూబు మూత తెరిచి, గోడ వెంట జారేలా నెమ్మదిగా పొయ్యండి, ఆలస్యం చేస్తే సిరంజిలోనే గడ్డ కడుతుంది.

రాకపోతే

ఎంత అనుభవం ఉన్నా ఒక్కోరోజు రాదు. సూది లోపల పెట్టి అటూ ఇటూ కెలకొద్దు. కొంచెం ముందుకో వెనక్కో ఒకసారి కదిపి చూడండి, లేదంటే తీసెయ్యండి. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే మూడోసారి వేరేవాళ్ళని పిలవాలి. ఇది నాకు కొత్తలో చాలా కష్టంగా ఉండేది, పేషెంటు ముందు పరువు పోతుందని. తర్వాత ఒకావిడ అన్నారు, "నువ్వు పిలిచావు చూడు, అందుకే నీ మీద నమ్మకం కుదిరింది" అని.

పేషెంటు "కరెంట్ కొట్టినట్టు వేళ్ళదాకా జివ్వుమంది" అంటే సూది నాడికి తగిలినట్టు. ఆ క్షణమే తీసెయ్యండి, ట్యూబు సగమే నిండినా సరే. రక్తం మరీ ఎర్రగా, కొట్టుకుంటూ వస్తే ధమనిలోకి వెళ్ళింది, తీసేసి కనీసం ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి డాక్టరుకి చెప్పండి.

కళ్ళు తిరిగేవాళ్ళు ముందే తెలిసిపోతారు, మాట్లాడేవాళ్ళు ఒక్కసారి మౌనమైపోతారు, నుదుటి మీద చెమట పడుతుంది, పెదాలు తెల్లబడతాయి. టోర్నికే విప్పి సూది తీసి, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. పూర్తిగా తేరుకునేదాకా నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. ఇంతకుముందు పడిపోయానని చెప్పినవాళ్ళకి మొదట్నుంచే పడుకోబెట్టి తీయండి. స్టూలు మీద కూర్చోబెట్టి ఎవరికీ తీయకండి, చేతులున్న కుర్చీ కావాలి.

పెద్దవాళ్ళు, పిల్లలు

మామ్మగార్లకి చర్మం కాగితంలా ఉంటుంది, నరం పైకి కనపడుతుంది కానీ జారిపోతుంది. చర్మం మీద నేరుగా కాకుండా చొక్కా చెయ్యి మీదుగా టోర్నికే కట్టండి, కొంచెం వదులుగా. ఒకాయన నన్ను "ఇంతింత రక్తం తీసేస్తే మళ్ళీ పట్టేదెప్పుడు బాబూ" అని అడిగారు. మూడు ట్యూబులూ కలిపితే రెండు టీస్పూన్లండీ, మన ఒంట్లో ఐదు లీటర్ల దాకా ఉంటుంది అని చెప్పాక చెయ్యి చాపారు. అప్పట్నుంచి ఎవరు అడిగినా అడక్కపోయినా స్పూన్ల లెక్కలోనే చెబుతున్నాను.

పిల్లలతో "నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పకండి, ఒక్కసారి అబద్ధమని తెలిశాక ఆ పిల్లాడు మరో పదేళ్ళు తెల్లకోటు చూస్తేనే ఏడుస్తాడు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, ఒక చెయ్యి ఆమె చంక కింద ఉండేలా, రెండో చెయ్యి మీ దగ్గర. పట్టుకోవడానికి ఇంకో మనిషి లేకుండా మొదలుపెట్టొద్దు. పుట్టిన పిల్లలకి మడమ గుచ్చి తీసేటప్పుడు మడమకి రెండు పక్కలే గుచ్చాలి, మధ్యలో ఎముక దగ్గరగా ఉంటుంది.

ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి

పొద్దున ఐదున్నరకి బండి తీస్తే తొమ్మిదిన్నర లోపు ఎనిమిది పది ఇళ్ళు. షుగర్ పేషెంట్లనీ ముసలివాళ్ళనీ ముందు పెట్టుకోండి, వాళ్ళు ఆకలికి ఆగలేరు. మే నెలలో విజయవాడలో 44, 45 డిగ్రీల ఎండలో బండి డిక్కీ పొయ్యిలా ఉంటుంది, శాంపిల్ బాక్స్ డిక్కీలో పెట్టకండి. జెల్ ప్యాకులున్న పెట్టెలో ట్యూబులు స్టాండులో నిలువుగా ఉండాలి, ఐస్‌కి నేరుగా ఆనకూడదు, మధ్యలో మందపాటి గుడ్డో అట్టో పెట్టండి, ఆనితే కణాలు పగులుతాయి. పసుపు ట్యూబు అరగంట బయట గడ్డ కట్టాక పెట్టెలో పెట్టండి. తీసిన రెండు గంటల్లో సీరం వేరుచెయ్యాలి కాబట్టి ఇళ్ళ వరసని అలా వేసుకోండి, దూరంగా ఉన్న రెండు ఇళ్ళు ఒప్పుకుని మిగతావాళ్ళ శాంపిల్స్ పాడుచేసుకోవడం కన్నా మేనేజరుకి కుదరదని చెప్పడం మేలు. షుగర్‌కి గ్రే ట్యూబే వాడండి. మామూలు ట్యూబులో రక్తం అలా ఉండిపోతే కణాలు గంటకి 5 నుంచి 7 శాతం చొప్పున గ్లూకోజ్‌ని తినేస్తాయి, ఎండలో ఇంకా ఎక్కువ.

వాళ్ళింటి చెత్తబుట్టలో దూది కూడా వెయ్యకండి. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సూది తీసేసిన సిరంజిలూ గ్లవ్సూ ఎరుపులోకి, సూదులు గుచ్చుకుని బయటికి రాని తెల్లటి డబ్బాలోకి. ఆ డబ్బా చిన్నది ఒకటి బ్యాగులో ఎప్పుడూ ఉండాలి. ఎవరింట్లో ఏ టెస్ట్ తీశారో పక్కింట్లో చెప్పొద్దు, హెచ్‌ఐవీ టెస్టయితే మనిషికి వివరంగా చెప్పి ఒప్పుకున్నాకే తీయాలి, 2017 చట్టం అదే చెబుతోంది.

సూది మీకే గుచ్చుకుంటే

వాడిన సూదికి మూత తిరిగి పెట్టేటప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. కాబట్టి మూత పెట్టొద్దు, నేరుగా డబ్బాలోకి లేదా కట్టర్‌లోకి. అయినా గుచ్చుకుందనుకోండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పొయ్యొద్దు, పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. ఎవరికి తీసిన సూదో గుర్తుపెట్టుకోండి. వెంటనే పైవాళ్ళకి చెప్పండి. తిడతారని దాచిపెట్టి మూడు రోజులు దాటాక నాకు ఫోన్ చేసిన అమ్మాయి ఉంది, అప్పటికి మందుకి టైం దాటిపోయింది, ఆ తర్వాత ఆరు నెలలు ఆ పిల్ల నిద్రపోలేదు, రిపోర్టు నెగటివ్ వచ్చేదాకా.

హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తంతో సూది గుచ్చుకున్నా అది వచ్చే అవకాశం వెయ్యిలో మూడు, అంటే తక్కువే. టీకా లేనివాళ్ళకి హెపటైటిస్ బి వందలో 6 నుంచి 30 మందికి రావొచ్చు, టీకా గురించి మొదట్లో అంత చెప్పింది అందుకే. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పీఈపీ మందులు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటాక లాభం లేదు, 28 రోజులు ఒక్క పూట మానకుండా వేసుకోవాలి. తర్వాత ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి టెస్టులు. ఆ మందులు మీ ఊళ్ళో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రిపూట కూడా ఇస్తారో ఉద్యోగంలో చేరే రోజే కనుక్కుని, ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.